మొదటి పేరాలో సంతకం

సింగపూర్ డాక్టర్లు జూనియర్ డాక్టరు కోసం రాసే సిఫార్సు లేఖల్లో, బాగా రాసినవాటిలో, నన్ను ముందుగా ఆకట్టుకునేది మొదటి పేరా. అక్కడ పొగడ్త ఇంకా మొదలవదు. రాస్తున్నది ఎవరు, ఏ విభాగంలో కన్సల్టెంటు, అభ్యర్థిని ఏ నెల నుంచి ఏ నెల దాకా చూశారు, రోజూ వార్డులో పక్కనుండి చూశారా, వారానికోసారి క్లినిక్‌లో చూశారా? ఇవన్నీ రెండు మూడు వాక్యాల్లో తేలిపోతాయి. తన గొప్ప చెప్పుకోవడం కాదది. నా మాటను ఎంతవరకు నమ్మవచ్చో మీరే తేల్చుకోండి అని చదివేవారి చేతికి కొలబద్ద ఇవ్వడం. సంతకం దగ్గర ఎమ్‌సీఆర్ (డాక్టరు రిజిస్ట్రేషన్) నంబరు ఉంటే, సింగపూర్ మెడికల్ కౌన్సిల్ రిజిస్టరులో ఆ డాక్టరు వివరాలు ఎవరైనా సరిచూసుకోవచ్చు.

ఈ నేర్పు ఊరికే రాలేదు. విదేశంలో చదివి వచ్చిన డాక్టరుకు అక్కడ చాలావరకు ముందు కండిషనల్ రిజిస్ట్రేషనే దొరుకుతుంది. సీనియర్ల పర్యవేక్షణలో పనిచేయాలి, వాళ్లు కౌన్సిల్‌కు నివేదికలివ్వాలి. చూసింది చూసినట్టు రాయడం అలా అలవాటవుతుంది. 2017 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న కౌన్సిల్ నీతి నియమావళి కూడా, డాక్టరు తన సేవల గురించి చెప్పుకునే మాట నిజమై, సరిచూడదగ్గదై ఉండాలంటుంది.

అసలు పనితనం లేఖ నడుమ కనిపిస్తుంది. 'చాలా సమర్థురాలు' అని సరిపెట్టరు. రాత్రి డ్యూటీలో పేషెంటు బీపీ పడిపోతే ఆమె ముందు ఏం చేసింది, సీనియర్‌ను ఎప్పుడు పిలిచింది, తెల్లారి హ్యాండోవర్‌లో ఏం చెప్పింది అన్నది రాస్తారు. ఆ వెంటనే, ఆపరేషన్ థియేటర్‌లో ఆమె పని నేను చూడలేదు అని ఒక వాక్యం. పై పొగడ్తకంతటికీ బలం ఆ ఒక్క వాక్యం నుంచే వస్తుందని నా నమ్మకం.

చట్టం కూడా ఇటే నిలబడింది. బీమా రంగంలోని ఒక ఉద్యోగి కేసులో 2016లో సింగపూర్ అప్పీల్ కోర్టు, పాత ఉద్యోగి గురించి రిఫరెన్స్ రాసే సంస్థ తగిన జాగ్రత్త తీసుకోవాల్సిందేనని తేల్చింది. అందులోని మాటలు విడివిడిగా నిజాలే అయినా, కలిపి చదివితే తప్పు అభిప్రాయం కలిగించకూడదు.

విశేషణాలు ఎంత మోసం చేయగలవో అమెరికాలో ఫ్రాన్సెస్ ట్రిక్స్, కరొలిన్ సెంకా 2003లో చూపించారు. ఒక వైద్య కళాశాలకు అందిన 300కు పైగా లేఖలు చదివితే, మహిళా అభ్యర్థుల గురించి రాసినవి సగటున పొట్టివి. వాళ్ల కష్టపడే గుణాన్ని ఎక్కువగా మెచ్చుకున్నారు, పరిశోధనను తక్కువగా ప్రస్తావించారు.

మన మెడికల్ కాలేజీల ప్రొఫెసర్లకు నా విన్నపం ఒక్కటే. విదేశం వెళ్లే శిష్యుడికి 'నడవడి మంచిది, కష్టజీవి' అని రాసి ఊరుకోకండి. అతన్ని మీరు ఎక్కడ, ఎంతకాలం చూశారో మొదటి పేరాలో రాయండి. మీ కళ్లతో చూసిన ఒక్క కేసైనా చెప్పండి.