నావికుడి ఇంట్లో బాడిస

రిజిస్ట్రేషన్ శాఖలో ముప్పై రెండేళ్ళు పనిచేశాను. రిటైరై నాలుగేళ్ళయినా ఒక అలవాటు మాత్రం పోలేదు. ఎవరైనా తమ తాతముత్తాతల సంగతి చెబుతుంటే నా మనసు లింకు దస్తావేజులు వెతుక్కుంటుంది. ఈ స్థలం ఇవాళ్టి ఆసామికి ఎవరి నుంచి వచ్చింది, వాళ్ళకి ఎవరి నుంచి వచ్చింది? మధ్యలో ఒక్క కాగితం లేకపోయినా, చెక్‌బందీలో ఒక్క హద్దు కలవకపోయినా, అక్కడితో ఆగిపోవాలి. వంశం వెతకడం కూడా అదే పని. తెలిసిన చివర నుంచి మొదలుపెట్టి, ఒక్కో కాగితం పట్టుకుని వెనక్కి నడవాలి. ముందే ముత్తాతను ఊహించుకుని ఆయన కోసం కాగితాలు వెతికితే ఎవరో ఒక ముత్తాత దొరుకుతాడు, మనవాడు మాత్రం కాదు.

కిందటి వేసవిలో ఇంగ్లండులో, కెంట్ ప్రాంతంలోని గిల్లింగ్‌హామ్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను. పక్కింటి పెద్దావిడకి ఎనభై దాటాయి. ఒంటరిగా ఉంటుంది. నేను చేసిన ఉద్యోగం గురించి మా కోడలి ద్వారా విని, ఒకరోజు బిస్కట్ల రేకు డబ్బా ఒకటి తెచ్చి మా బల్ల మీద పెట్టింది. అందులో నాలుగు ఫొటోలు, రెండు సర్టిఫికెట్లు, ఒక ఉంగరం. ఆవిడ అమ్మకి తండ్రి మొదటి ప్రపంచయుద్ధంలో నావికుడట, ఓడ పేలి పోయాడట. అప్పటికి ఆవిడ అమ్మకి మూడేళ్ళు. ఇంట్లో అందరికీ తెలిసింది అంతే.

ఆ పక్కనే చాథమ్ గుట్ట మీద నౌకాదళ స్మారకం ఉంది. సముద్రమే సమాధి అయిన నావికుల కోసం 1924లో ఆవిష్కరించిన ఎత్తయిన రాతి స్తంభం. మొదటి యుద్ధంలో పోయిన 8,500 మందికి పైగా పేర్లు అక్కడ కంచు పలకల మీద ఉన్నాయి. ఆవిడ చిన్నప్పుడు వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని, పెద్దయ్యాక తన పిల్లల చెయ్యి పట్టుకుని, ఆ పలకల ముందు నిలబడి తాత పేరు వెతికింది. ఏనాడూ కనబడలేదు. "పేరు లేకపోతే పువ్వులు ఎక్కడ పెట్టాలి?" అని అడిగింది. ఆ ప్రశ్న విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో తర్వాత చెబుతాను.

దగ్గరి కాగితం వాళ్ళమ్మ జనన ధ్రువపత్రం. అది ఆ డబ్బాలోనే అరవై ఏళ్ళుగా ఉంది. ఇంగ్లండులో జననమరణాల నమోదు 1837 జూలై 1న మొదలైంది. వాళ్ళ జనన పత్రంలో తండ్రి పేరుతో పాటు తల్లి పుట్టింటి ఇంటిపేరు, తండ్రి వృత్తి కూడా రాస్తారు. ఈ రెండు గడులే వంశం వెతికేవాడికి కళ్ళు. 1912 నాటి ఆ కాగితాన్ని ఆవిడ వందసార్లు చూసి ఉంటుంది, కానీ చూసింది పేర్లు మాత్రమే. వృత్తి గడిలో 'షిప్‌రైట్' అని ఉంది. అంటే ఓడ వడ్రంగి.

తర్వాతి కాగితం 1911 జనాభా లెక్కలది. ఆ ఏడాది ఫారాలకి ఒక గొప్పతనం ఉంది. గుమాస్తా తిరగరాసిన పుస్తకం కాకుండా, ఇంటి పెద్ద తన చేత్తో నింపిన ఫారమే భద్రపరిచారు. పెళ్ళయి ఎన్నేళ్ళయింది, ఎంతమంది పిల్లలు పుట్టారు, అందులో ఎంతమంది బతికున్నారు, ఎంతమంది పోయారు అని ఆ ఫారం అడుగుతుంది. తెర మీద ఆ కాగితం తెరిచేసరికి ఆవిడ తాత రాత కనబడింది. పెళ్ళయి ఒక ఏడాది, పిల్లలు లేరు, పని షీర్నెస్ డాక్‌యార్డులో. అక్షరాలు కుడివైపుకి వాలి, గట్టిగా నొక్కి రాసినట్టున్నాయి. ఆవిడ ఆ గీతల మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు.

నావికుడు కాదు, డాక్‌యార్డు వడ్రంగి అని చెప్పాను. బాధపడుతుందేమో అనుకున్నాను. ఆవిడ లేచి వెళ్ళి, అటక మీంచి గోనెగుడ్డలో చుట్టిన వస్తువొకటి దింపించి తెచ్చింది. విప్పగానే నా నోటి నుంచి తెలుగులోనే వచ్చింది, "బాడిస!" అని.

తాళ్ళరేవు దగ్గర చెక్క పడవలు కట్టే చోట బాడిస పట్టిన చేతులని నేను గంటల తరబడి చూశాను. మన బాడిసకి పొట్టి పిడి, కూర్చుని చెక్కుతారు. ఆవిడ చేతిలోని దానికి నడుము ఎత్తు కర్ర ఉంది. దుంగకి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడి, కాళ్ళ మధ్యకి దెబ్బ వేస్తూ చెక్కే పనిముట్టు అది. రేకుకి వెనకవైపు బొటనవేలంత మొన ఉంది. చెక్కలో తల ఎత్తి ఉన్న మేకుని ముందు ఆ మొనతో లోపలికి దిగ్గొట్టి, తర్వాత చెక్కుతారు, లేకపోతే పదును మేకుకి తగిలి విరుగుతుంది. ఇనప ఓడల కాలం వచ్చాక కూడా డెక్కుల మీద పరిచేది చెక్కే, కాబట్టి ఓడ వడ్రంగికి ఇనుమూ కర్రా రెండూ తెలియాలి. నావికుడి ఇంట్లో ఈ గొడ్డలిలాంటిది ఎందుకుందో వాళ్ళమ్మకీ తెలియదట. అమ్మమ్మ మాత్రం దాన్ని పారేయనివ్వలేదట.

ఇక ఓడ. షీర్నెస్ డాక్‌యార్డు వడ్రంగి యుద్ధం రోజుల్లో పేలుడులో పోవడమంటే నావికుల కథ కంటే వెతుకులాట చాలా ఇరుకవుతుంది. మెడ్‌వే నది థేమ్స్‌తో కలిసేచోట, షెప్పీ దీవి కొసన ఉంది షీర్నెస్. 1914 నవంబరు 26న అక్కడ లంగరు వేసి ఉన్న బల్వర్క్ అనే యుద్ధనౌక పేలి ఏడు వందల మందికి పైగా పోయారు. ఆరు నెలలు తిరగ్గానే ప్రిన్సెస్ ఐరీన్ అనే మరో ఓడ పేలింది.

ప్రిన్సెస్ ఐరీన్ యుద్ధం కోసం పుట్టిన ఓడ కాదు. కెనడా పశ్చిమ తీరంలో ప్రయాణికులని చేరవేయడానికి స్కాట్లండులోని డంబార్టన్‌లో కట్టించారు. 1914లో జలప్రవేశం చేసింది. యుద్ధం రావడంతో నౌకాదళం తీసుకుని, సముద్రంలో మందుపాతర్లు పరిచే ఓడగా మార్చింది. 1915 మే 27, గురువారం. సాల్ట్‌పాన్ రీచ్ అనే చోట కట్టి ఉన్న ఆ ఓడలో నావికులు మందుపాతర్లు సిద్ధం చేస్తున్నారు. డెక్కు బలపరిచే పని కోసం షీర్నెస్ డాక్‌యార్డు నుంచి 76 మంది పనివాళ్ళు కూడా ఆ పొద్దున ఎక్కారు. ఆవిడ తాత వాళ్ళలోనే ఉండాలి. ఉదయం 11 గంటలు దాటి పావుగంట కాకుండానే ఓడ మొత్తం పేలిపోయింది. తునకలు మైళ్ళ దూరం ఎగిరిపడ్డాయి. అవతలి ఒడ్డున గ్రెయిన్ దీవిలో తొమ్మిదేళ్ళ పాప ఒకతె మీద ఇనపముక్క పడి చనిపోయింది. మొత్తం 352 మంది. ఆ సమయంలో ఓడ మీద ఉన్నవాళ్ళలో బతికింది ఒకే ఒక్కడు, బాయిలర్లు చూసే స్టోకరు.

విచారణలో బయటపడిన విషయం చదువుతుంటే నాకు కడుపులో తిప్పింది. మందుపాతర్లకి ప్రైమర్లు, అంటే వాటిని పేల్చే చిన్న భాగాలు, బిగించే పని హడావుడిగా, సరైన శిక్షణ లేనివాళ్ళ చేత జరుగుతోందని సాక్ష్యాలొచ్చాయి. చెడ్డ ప్రైమరొకటి పేలుడుకి కారణమని తేల్చారు. పై డెక్కులో మేకులు దిగ్గొట్టుకుంటున్న వడ్రంగికి కింద ఏ చెయ్యి ఏం బిగిస్తోందో ఎలా తెలుస్తుంది? యూనిఫారం వేసుకున్నవాడు తన ప్రాణం ఒడ్డుతున్నానని తెలిసే ఓడ ఎక్కుతాడు. ఈ 76 మంది అన్నం డబ్బా పట్టుకుని పొద్దున్నే పనికి వచ్చినవాళ్ళు, సాయంత్రానికి ఇళ్ళకి పోవలసినవాళ్ళు. వాళ్ళ చావుని యుద్ధమరణం అనడానికి నా మనసు ఒప్పదు. అది పనిలో జరిగిన ప్రమాదం.

మరి ఇంట్లో ఆయన నావికుడు ఎలా అయ్యాడు? ఎవరూ అబద్ధం చెప్పి ఉండరు. ఓడలో పోయాడు, యుద్ధంలో పోయాడు. ఈ రెండూ నిజమే. మూడేళ్ళ పిల్ల ఆ రెండు మాటలూ కలుపుకుని పెరిగింది. ఊళ్ళో గౌరవమంతా యూనిఫారానిది. ఇంటి కథలు మెల్లగా ఆ వైపుకే జరుగుతాయి. అందుకే ఇంట్లో చెప్పుకునే కథని నేను కొట్టిపారేయను, అలాగని రిజిస్టరులో ఎక్కించను. దాని ఎముకలు సాధారణంగా గట్టివే. ఇక్కడ ఓడ నిజం, పేలుడు నిజం, కాలం నిజం. తప్పింది పని ఒక్కటే.

ఒక శనివారం సిట్టింగ్‌బోర్న్‌లో రైలు మారి షీర్నెస్ వెళ్ళాం. డాక్‌యార్డు 1960లోనే మూతపడింది. బల్వర్క్, ప్రిన్సెస్ ఐరీన్ మృతుల కోసం 1921లో స్మారకం పెట్టిన డాక్‌యార్డు చర్చి, 2001లో కాలిపోయి, ఈమధ్యనే మళ్ళీ నిలబడింది. ఊరి స్మారకం మీద ఆవిడ తాత పేరు దొరికింది. గుట్ట మీది స్తంభం చుట్టూ ఎనభై ఏళ్ళు తిరిగిన మనిషికి, రైలులో గంట కూడా పట్టని చోట. తెచ్చిన పువ్వులు కింద పెట్టి, ఆవిడ తన అమ్మ పేరు పైకి చదివింది, తాత పేరు కాదు. నేనేమీ అడగలేదు.

ఇంటికొచ్చాక మిగిలిన కాగితం చూశాం. 1921 లెక్కల్లో చిన్నపిల్లల పక్కన ఒక ప్రత్యేకమైన గడి ఉంది. తల్లిదండ్రులిద్దరూ ఉన్నారా, తండ్రి లేడా, తల్లి లేదా? ఆవిడ అమ్మ పేరు పక్కన తండ్రి లేడని రాసుంది. 2022 జనవరిలో బయటపెట్టిన ఆ పుస్తకాల తర్వాత చూడడానికి దొరికే జనాభా లెక్కల కాగితం ఇంకొకటి లేదు. 1931 నాటివి 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, 1941లో లెక్కలే జరగలేదు. ఒక్క గడిలో తండ్రి లేని పిల్ల. ఆ గడి పెట్టినవాడికి దండం పెట్టాలనిపించింది.

"పోయినవాళ్ళని మీరు ఎలా గుర్తుపెట్టుకుంటారు?" అని ఆవిడ అడిగింది. తిథి గురించి చెప్పాను. ఆ పేలుడు జరిగిన రోజుకి లెక్క వేస్తే, మన రాక్షస నామ సంవత్సరంలో శుక్ల చతుర్దశి, మర్నాడు పౌర్ణమి. ఆవిడ తాత ఫొటో వెనక పెన్సిలుతో అది రాసుకుంది. "మీ వాళ్ళవన్నీ మీకు తెలిసే ఉంటాయి" అంది.

తెలియవు. ఆ మొదటి రాత్రి నిద్ర పట్టనిది అందుకే.

మాది శ్రీకాకుళం జిల్లా సముద్రపు ఒడ్డు పల్లె. రంగూన్‌ని మా వైపు రంగం అంటారు. కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల నుంచి మా వైపు మగవాళ్ళు ఓడలెక్కి రంగం పోయేవారు. అక్కడి బియ్యం మిల్లుల్లో, రేవులో కూలి. కోరంగి రేవు పేరుతో బర్మావాళ్ళు తెలుగువాళ్ళందరినీ కోరంగీలనే పిలిచేవారు. మా ముత్తాత ఆ పోయినవాళ్ళలో ఒకడు. రెండుసార్లు వచ్చాడు, మూడోసారి జాబు మాత్రం వచ్చింది. ఓడకి సరుకు ఎక్కిస్తుండగా పడి పోయాడని అందులో ఉందట. జాబు చెదలు తినేసింది. వరికోతలప్పుడు వచ్చిందని మా నాయనమ్మ చెప్పేది. సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టేటప్పుడు అందరి పేర్లూ పిలిచి, ఆయన దగ్గరికొచ్చేసరికి "రంగంలో పోయినోడు" అనేది. తిథి లేదు. సమాధి ఎక్కడుందో, ఉందో లేదో తెలియదు. మన దేశంలో జనాభా లెక్కల్లోని మనుషుల వివరాలు బయటికివ్వరు, 1948 చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం అవి ఎవరూ చూడడానికి లేదు. జననమరణాల నమోదుకి దేశమంతటికీ ఒకే చట్టం వచ్చింది 1969లో. వేలమంది దస్తావేజులకి నకళ్ళు తీసిచ్చిన నా చేతికి నా ముత్తాత కాగితం ఒక్కటీ లేదు.

తిరిగొచ్చాక మా పెద్ద మేనత్త దగ్గర కూర్చున్నాను. తొంభై దాటింది. ఇదివరకు ఎప్పుడూ పేర్లూ ఇంటిపేర్లే అడిగేవాణ్ణి. ఈసారి మొదటి ప్రశ్న వేరేది అడిగాను: మీ తాత రంగంలో సరిగ్గా ఏం పనిచేసేవాడు?

"కళాసీ పని నాయినా, ఇంకేటి? ఓడలోకి బియ్యం బస్తాలు మోసీవోడు. ఇంటికొచ్చినప్పుడు సూస్తే కుడి బుజమ్మీద కాయ కాసీసి ఉండీదట, మా అయ్య సెప్పీవోడు. పసోడప్పుడు ఆ కాయ మీద తల ఎట్టి పడుకునీవోడట."

నా దగ్గర ఒక పెద్ద రూళ్ళ నోటుబుక్కు ఉంది. ఒక్కొక్కరికి ఒక పేజీ, ఆఫీసు రిజిస్టరులాగే గడులు గీసి పెట్టాను. ముత్తాత పేజీ ఇన్నాళ్ళూ పేరు తప్ప ఖాళీ. వృత్తి గడిలో కళాసీ అని రాసి, పక్కన చోటు సరిపోక మార్జిన్‌లో, కుడి భుజం మీద కాయ అని రాసుకున్నాను.