పిలవని ప్రశ్నకు పీట

చైనావారి ప్రాచీన ప్రశ్నశాస్త్రం ఈ-చింగ్‌లో 64 రేఖాచిత్రాలున్నాయి. అయిదోది నిరీక్షణకు గుర్తు. పిలవని అతిథులు ముగ్గురు వస్తారు, గౌరవిస్తే చివరికి మేలే అని దాని ఆఖరి గీతకు ఫలం చెబుతారు. తిథి చెప్పకుండా వచ్చేవాణ్ణే అతిథి అన్న మనకు ఇది కొత్త మాట కాదు. అయితే దాన్ని నీతిగా చెప్పి ఊరుకోకుండా, నిండు సభలో పరీక్షగా పెట్టి నెగ్గి చూపించిన ఘనత తెలుగువాళ్ళది. ఆ విద్య అవధానం. ఆ పరీక్ష అప్రస్తుత ప్రసంగం.

అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది, ఒకరు వర్ణన. నిషిద్ధాక్షరి అడిగేవారు అడుగడుగునా దారి మూస్తారు. అవధాని ‘శ్రీ’ అనగానే రాముడు వస్తాడని పసిగట్టి ‘ర’ కూడదంటారు. ఆయన ‘జా’ అని జానకి వైపు తిరుగుతాడు. వ్యస్తాక్షరివారు మధ్యమధ్య ‘17వ అక్షరం మ’ అంటూ అక్షరాలను చెల్లాచెదురుగా అందిస్తారు. చివరికి అవన్నీ వాక్యంగా పేర్చాలి. పద్యాలు పాదం చొప్పున నాలుగు ఆవృత్తాల్లో నడుస్తాయి. ఆఖర్న అన్నిటినీ ధారణ చెయ్యాలి. ఇంత బరువు నెత్తిన ఉండగా, ఏ క్షణాన్నయినా ఏ సంబంధమూ లేకుండా పలకరించే హక్కు అప్రస్తుత ప్రసంగిది. మిగతా ఏడూ పాండిత్యాన్నీ జ్ఞాపకాన్నీ కొలుస్తాయి. ఇది మనిషిని కొలుస్తుంది.

కందం రెండో పాదంలో యతి దగ్గర అవధాని ఆగి ఉన్నాడనుకుందాం. ‘అవధానిగారూ, అంతదూరం తియ్యగా వచ్చిన వంశధార కళింగపట్నం చేరగానే ఉప్పగా అయిపోతుందేమండీ?’ కసిరితే సభ చేజారుతుంది. ఉపన్యాసం ఎత్తుకుంటే యతి జారుతుంది. ‘అది అత్తవారిల్లు కదండీ, ఆ ఇంటి ఉప్పు తిన్నాక ఆ ఇంటి రుచి రాదూ!’ అని నవ్వించి, ఆపిన అక్షరం దగ్గరే మళ్ళీ అందుకోవాలి. నదికి సముద్రుడు భర్త అన్న కవిసమయం అందులో ఉంది, ఉప్పు తిన్న విశ్వాసం ఉంది, అడిగినవారి మర్యాదా నిలిచింది. ఇదంతా సభికుల వినోదానికేనని కొట్టిపారేసేవారున్నారు. వినోదమే అయితే పద్యాలన్నీ అయ్యాక విడిగా పెట్టుకోవచ్చు. పాదం సగంలో ఉండగానే ఎందుకు? జేబులో ఫోను ఉండగా ధారణ దేనికన్నది మరో ఆక్షేపణ. ఫోను దాచిపెడుతుంది, నిజమే. కానీ అది మోగినప్పుడు చేతిలో పని చెడకుండా, పిలిచినవారి మనసు నొవ్వకుండా పలకడం ఎవరు నేర్పాలి?

తిరుపతి వేంకట కవులు ఈ విద్యను ఊరూరా ఊరేగించారు. కొప్పరపు కవులు ఆశువులో మెరుపులు మెరిపించారు. వారికి దండం పెడుతూనే మా ఉత్తరాంధ్ర పక్షాన ఒక మాట. 1864లో అజ్జాడలో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసుగారికి సాటి ఎవరు? చేతులతో రెండు, కాళ్ళతో రెండు, తలతో ఒకటి, అయిదు తాళాలు ఒకేసారి వేసి ‘పంచముఖి పరమేశ్వర’ అనిపించుకున్న లయబ్రహ్మ ఆయన. 1919లో విజయనగరంలో పెట్టిన సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడు. ఒక తాళం మరో తాళానికి అడ్డం కాదని ఒంటితో రుజువు చేసిన ఆ మహానుభావుడికి ఒక ప్రశ్న అడ్డమవుతుందా?

ఇప్పుడు కొన్ని వేదికల మీద జరిగేది చూస్తే కడుపు మండుతుంది. ప్రశ్నలు ముందే పంపుకోవడం, జవాబులు వల్లెవేయడం, ఫోన్లలో అరిగిపోయిన ఛలోక్తిని కొత్తదిలా అడగడం, ధారణ ఎగ్గొట్టి శాలువాలు కప్పుకోవడం! కూడబలుక్కున్న ప్రశ్న అప్రస్తుతం ఎలా అవుతుంది? పిలిచి తెచ్చుకున్నవాడు అతిథి ఎలా అవుతాడు? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తెలుగు అధ్యాపకులకు ఒక్కటే విన్నపం. ఏడాదికి ఒక్క అవధానమైనా పిల్లల ముందు జరిపించండి. అప్రస్తుత ప్రసంగి ఏమడుగుతాడో అవధాని చెవిన ముందుగా వెయ్యకండి. పీట వేస్తాడో, మొహం తిప్పుకుంటాడో పిల్లలనే చూడనివ్వండి.