స్వీయస్మృతి - రసాస్వాదం: ‘మల్లీశ్వరి’లోని మేఘసందేశ గీతం

1. ఉపోద్ఘాతం

ఇష్టమైన పాట ఏదని అడిగితే చాలామంది పాటతోపాటు ఒక సందర్భాన్ని కూడా చెబుతారు. ఎక్కడ, ఎవరి పక్కన కూర్చొని విన్నారో చెప్పిన తరువాతనే సాహిత్యం, బాణీ ప్రస్తావనకు వస్తాయి. సినిమా పాటను పరిశీలించేటప్పుడు అలంకారాలను, భావుకతను చర్చించే మనం ఈ జ్ఞాపకాన్ని తరచుగా పక్కన పెడతాం. పరిశీలకుని సొంత జ్ఞాపకానికి విమర్శలో ఎంతవరకు చోటు ఇవ్వవచ్చునన్నది ఈ వ్యాసంలో చర్చించే అంశం.

2. ఆలంకారికుల దృష్టి

రసప్రతీతికి కలిగే ఏడు విఘ్నాలను అభినవగుప్తుడు ‘అభినవభారతి’లో వివరించాడు. వాటిలో నిజసుఖాదివివశీభావం ఒకటి. సహృదయుడు తన సొంత సుఖదుఃఖాలకు లోబడితే కావ్యార్థంలో లీనం కాలేడని దీని భావం. ఈ విఘ్నాన్ని తొలగించే ఉపాయాలలో గానవాద్యాలను కూడా ఆయన చేర్చాడు. మరి సొంత బాధను మరపించవలసిన గానమే దానిని గుర్తుచేస్తే ఏమనాలి?

కాళిదాసు ‘అభిజ్ఞానశాకుంతలం’ పంచమాంకంలో హంసపదిక పాట విన్న దుష్యంతునికి కారణం తెలియని బెంగ కలుగుతుంది. శాపవశాన అతడు శకుంతలను మరచిపోయాడు. జన్మాంతర స్నేహాలేవో వాసనారూపంలో మనసున నిలిచి ఉంటాయని తలపోస్తాడు. ఈ శ్లోకాన్ని అభినవగుప్తుడు సైతం ఉదాహరించాడు. దీనిని బట్టి రసాస్వాదానికి వాసన అవసరమని, వైయక్తిక దుఃఖం మాత్రం దానికి ఆటంకమని తెలుస్తుంది.

3. విన్న పాట

బి.ఎన్.రెడ్డి దర్శకత్వంలో 1951లో వచ్చిన ‘మల్లీశ్వరి’కి దేవులపల్లి కృష్ణశాస్త్రి పాటలు రచించారు. సాలూరి రాజేశ్వరరావు సంగీతం సమకూర్చారు. అందులో మేఘాన్ని సంబోధించే గీతాన్ని భానుమతి, ఘంటసాల పాడారు. ఆ పాటను నేను మొదట అమ్మమ్మ ఇంట్లో రేడియోలో విన్నాను. చేటలో బియ్యం ఏరుతున్న అమ్మమ్మ చేతులు ఆ పాట వచ్చినప్పుడు ఆగిపోయేవి. అప్పట్లో మామయ్య సైన్యంలో ఉన్నాడు. ఉత్తరం రావడానికి నెలలు పట్టేది. అందువల్ల అది కొడుకు కోసం ఎదురుచూసే తల్లి పాట అని నేను చాలాకాలం నమ్మాను.

పాటలో ‘బావ’ అన్న మాట స్పష్టంగా వినిపిస్తుంది. అయినా నా చెవికి అది ఎక్కలేదు. స్మృతి పాఠాన్ని ఎంతగా కప్పివేయగలదో చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

4. చదివిన పాట

తరగతిలో ఈ గీతాన్ని బోధించేటప్పుడు ఒకసారి అమ్మమ్మ సంగతి చెప్పాను. “మేడమ్, మీకు నచ్చింది పాటా, మీ అమ్మమ్మా?” అని ఒక విద్యార్థిని అడిగింది. ఆ రోజు నేను సమాధానం చెప్పలేకపోయాను. అమ్మమ్మను తలచుకోకుండా పాటను మళ్ళీ చదివి చూశాను.

‘మేఘదూతం’లో సందేశం పంపేవాడు యక్షుడు. అలకాపురిలోని అతని భార్య విరహం అతని ఊహలోనే మనకు కనబడుతుంది. ఆమె మేఘంతో మాట్లాడదు. కృష్ణశాస్త్రి గీతంలో మేఘాన్ని మొదట పలకరించేది మల్లి. ధనార్జనకై ఊరు విడిచిన నాగరాజు తరువాత గొంతు కలుపుతాడు. ఒకరి మాట మరొకరికి వినబడదు. ఇద్దరి సందేశాలనూ వినేది మేఘమూ శ్రోతా మాత్రమే. ఇంటి దగ్గర ఉండిపోయిన స్త్రీకి మొదటి మాట ఇవ్వడం ప్రాచీన దూతకావ్య సంప్రదాయానికి కృష్ణశాస్త్రి చేసిన ముఖ్యమైన మార్పుగా భావించవచ్చు.

ఈ విశేషం నా దృష్టికి రావడానికి కారణం అమ్మమ్మే. ఎదురుచూసే స్త్రీని ముందు చూసినందువల్లనే ఆమె గొంతు ముందు వస్తున్నదని గమనించగలిగాను. అయితే ఆ పరిశీలన నిలబడేది పాటలోని స్వరక్రమం వల్ల, కథాసందర్భం వల్ల. నా జ్ఞాపకం ఏమాత్రం తెలియని విద్యార్థి సైతం దానిని సరిచూసుకోగలడు.

5. ముగింపు

జ్ఞాపకం పాటలో ఎక్కడ చూడాలో సూచిస్తుంది. అక్కడ ఏమున్నదో పాఠమే తేల్చాలి. ‘బావ’ను వినిపించకుండా చేసిన స్మృతి విఘ్నం. మల్లి గొంతును ముందుగా వినిపించిన స్మృతి వాసన. ఒకే జ్ఞాపకం ఈ రెండు పనులూ చేయగలదు గనుక పరిశీలకుడు దానిని దాచకుండా, పాఠంతో సరిచూసి వాడుకోవడం సమంజసం. ఆ విద్యార్థినికి నేను ఆలస్యంగా ఇచ్చే సమాధానం ఇదే. పాటను ఇష్టపడింది అమ్మమ్మ వల్ల. అది మంచి పాట అనడానికి ఆధారం మాత్రం పాటలోనే ఉంది.