బార్ ఎక్కడ ఆగింది?

రోలర్ కోస్టర్ కదిలే ముందు స్టేషన్‌లో ఒక చిన్న పని జరుగుతుంది. యూనిఫాం వేసుకున్న ఒక కుర్రాడో అమ్మాయో రైలు పక్కన నడుస్తూ, ప్రతి సీటు దగ్గరా ఆగి, ఒడి మీదకు దిగిన ల్యాప్ బార్‌ను ఒకసారి కిందికి నొక్కి, ఒకసారి పైకి లాగి, పక్క సీటుకు వెళ్తారు. సీటుకు రెండు మూడు సెకన్లు పడుతుంది. క్యూలో నిలబడ్డవాళ్లకు అది ఆలస్యం, కూర్చున్నవాళ్లకు అది లాంఛనం. ఆ రైడ్ మొత్తంలో అంతకన్నా ముఖ్యమైన పని లేదని నేను నమ్ముతాను. లాక్ పడిందా అని చూడటంతో ఆ పని పూర్తయిపోదు. బార్ ఒంటి మీద ఎక్కడ ఆగిందో చూడాలి, ఆగాల్సిన చోట ఆగకపోతే "మీరు దిగాలండీ" అని చెప్పాలి. రైడ్ల భద్రత అనగానే మనం బోల్టుల గురించి, తుప్పు గురించి, తనిఖీల గురించి మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవాలి కూడా. కానీ మనిషి సీటులోంచి ఎగిరి కింద పడిన ప్రమాదాలను పక్కపక్కన పెట్టి చదివితే, వాటిలో చాలావాటికి ఒకే పోలిక కనిపిస్తుంది. యంత్రంలో ఏదీ విరగలేదు. ఆ సీటుకు సరిపోని మనిషిని ఆ సీటులో కూర్చోనిచ్చారు.

ఇది అర్థం కావాలంటే ముందు ఒక అపోహ తొలగాలి. కోస్టర్‌ను కింద నుంచి చూసేవాళ్లకు గుండె జారేది తలకిందులయ్యే వలయం దగ్గర. నిజానికి సరిగ్గా గీసిన వలయంలో ఒళ్లు సీటులోకే అదిమిపడుతుంది. 1976లో కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్‌లో తెరిచిన రివల్యూషన్‌లో నిలువు వలయాన్ని జర్మన్ నిర్మాత ఆంటన్ ష్వార్జ్‌కాఫ్, ఇంజినీర్ వెర్నర్ స్టెంగెల్ పూర్తి గుండ్రంగా కాక కన్నీటి చుక్క ఆకారంలో పెట్టారు. మొదట్లో అందులో భుజాల మీదకు వచ్చే పట్టీ ఏదీ లేదు, ల్యాప్ బార్ ఒక్కటే. అసలు ప్రమాదం ఎవరూ భయపడని గుట్టల దగ్గర ఉంది. రైలు గుట్టెక్కి హఠాత్తుగా కిందికి వంగుతుంది, ఒళ్లు మాత్రం ఎక్కిన ఊపులో పైకే పోబోతుంది. కడుపులో ఏదో తేలిపోయినట్టుండే ఆ అర క్షణం కోసమే జనం డబ్బిచ్చి ఎక్కుతారు. ఆ శిఖరం మీద రైలు కూడా పట్టాలు వదిలి లేచిపోవాలి. లేవకుండా పట్టా అడుగున కూడా చక్రాలు అమర్చే పద్ధతికి అమెరికన్ నిర్మాత జాన్ మిల్లర్ 1919లో పేటెంట్ పొందాడు. నిటారు గుట్టలన్నీ ఆ చక్రాల పుణ్యమే. రైలుకు ఆ అడుగు చక్రాలు చేసే పనినే మనిషికి ల్యాప్ బార్ చేస్తుంది. అయితే పట్టా మందం ఎప్పుడూ ఒకటే, దానికి తగ్గట్టు చక్రం కొలత ఒకసారి తేలిస్తే సరిపోతుంది. బార్ కింద కూర్చునే ఒళ్లు మాత్రం రెండు నిమిషాలకొకటి మారుతుంది.

బార్ పట్టాల్సింది తొడల మొదట్లో, తుంటిని ఆనుకుని. అక్కడ కిందుగా గట్టి ఎముక ఉంది కాబట్టి అక్కడ పట్టిన పట్టు నిలుస్తుంది. పొట్ట పెద్దదైన మనిషికి బార్ తొడల దాకా రాకుండా పొట్ట మీదే ఆగిపోతుంది. ఆయనకు అది బిగుతుగానే ఉంటుంది, బహుశా నొప్పిగా కూడా ఉంటుంది, కాబట్టి గట్టిగా పట్టిందనే అనుకుంటాడు. కానీ పొట్ట మెత్తనిది. గుట్ట శిఖరం దగ్గర ఒళ్లు లేచినప్పుడు ఆ మెత్తదనం అణిగిపోయి, తొడలకూ బార్‌కూ మధ్య ఉన్న ఖాళీలోంచి మనిషి జారే దారి ఏర్పడుతుంది. 2004 మే 1న మాసచూసెట్స్‌లోని సిక్స్ ఫ్లాగ్స్ న్యూ ఇంగ్లండ్‌లో 208 అడుగుల సూపర్‌మ్యాన్ కోస్టర్ మీద నుంచి ఒక వ్యక్తి పడి చనిపోయినప్పుడు రాష్ట్ర విచారణలో తేలింది దాదాపు ఇదే: ఆయన శరీరం వల్ల బార్ సరైన చోటికి దిగలేదు, సిబ్బంది అది గమనించలేదు. ఏడేళ్ల తర్వాత, 2011 జులైలో, న్యూయార్క్ రాష్ట్రంలోని డేరియన్ లేక్ పార్కులో అదే ఎత్తున్న, అదే తరహా కోస్టర్ మీద మరొకరు చనిపోయారు. ఈయన ఇరాక్ యుద్ధంలో రెండు కాళ్లూ పోగొట్టుకున్న మాజీ సైనికుడు. తొడల మీద పట్టే బార్‌కు పట్టుకోవడానికి తొడలు లేవు. రెండు కాళ్లూ ఉన్నవారే ఎక్కాలని అక్కడ రాసి ఉంది. యంత్రంలో లోపం లేదని, సిబ్బంది తమ నిబంధనను తామే పాటించలేదని రాష్ట్ర కార్మిక శాఖ తేల్చింది.

ఆ రోజు స్టేషన్‌లో నిలబడిన ఉద్యోగి మనసులో ఏముందో నాకు తెలియదు. కానీ దేశం కోసం కాళ్లు పోగొట్టుకున్న మనిషి, కుటుంబంతో నవ్వుతూ వచ్చి సీటులో కూర్చుంటే, దిగమని చెప్పడానికి ఎవరికైనా నోరు రావడం కష్టమే. తెలుగులో దీనికి మొహమాటం అని మంచి మాట ఉంది. మొహమాటం దుర్గుణం కాదు, ఎదుటివారి మనసు నొప్పించకూడదన్న సంస్కారం లోంచే అది పుడుతుంది. దాంతో పాటు మనకు ఇంకో మాట కూడా ఉంది: అంత నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలు. ఆ సామెత పెళ్లి సంబంధాలకీ అప్పులకీ ఎంత వర్తిస్తుందో, రోలర్ కోస్టర్ స్టేషన్‌కూ అంతే వర్తిస్తుంది. అయితే ఆ నిష్ఠూరం మోయాల్సిన పనిని చాలా పార్కులు సెలవుల్లో పనికొచ్చే విద్యార్థుల నెత్తిన పెడతాయి. గంటకు ఎన్ని రైళ్లు పంపారన్నది వాళ్ల పనికి కొలమానం. ఒకరిని దింపితే రైలు ఆగుతుంది, క్యూ గొణుగుతుంది, సూపర్‌వైజర్ తొంగి చూస్తాడు. ఇరవయ్యేళ్లు కూడా నిండని పిల్లవాడు నలభయ్యేళ్ల పెద్దమనిషిని అందరి ముందూ దిగమనాలంటే, వాడి వెనక సంస్థ మొత్తం నిలబడి ఉందన్న ధైర్యం వాడికి ఉండాలి.

ఈ తగాదా మనుషుల చేతుల్లో ఎందుకు, సెన్సర్‌కు అప్పగిస్తే పోదా అని ఎవరైనా అడగవచ్చు. సెన్సర్‌కు మొహమాటం లేదు, అలసట లేదు. ఇది నేను తేలిగ్గా తీసుకోలేని ప్రశ్న. అమెరికాలో 1978లో మొదలైన ఏఎస్‌టీఎం ఎఫ్24 కమిటీ రాసిన డిజైన్ ప్రమాణం, రైడ్ ఒంటిని ఎంత విసురుతుందన్న దాన్ని బట్టి పట్టే సాధనాలను ఐదు తరగతులు చేసింది. మొదటి తరగతికి ఏమీ అక్కర్లేదు. ఐదో తరగతికి వచ్చేసరికి ప్రతి మనిషికీ విడి పట్టు, ఒక లాక్ చెడినా మరొకటి నిలబడే ఏర్పాటు, పట్టు సరిగ్గా పడనిదే రైడ్ కదలని ఏర్పాటు ఉండాలి. ఇవన్నీ ప్రాణాలు కాపాడిన ఏర్పాట్లే. కానీ సెన్సర్‌కు తెలిసేది బార్ ఏ కోణంలో ఉందో, ఎంత కిందికి వచ్చిందో అంతవరకే. దాని కింద ఉన్నది ఎముకా మెత్తని పొట్టా అన్నది దానికి తెలియదు. పైగా సెన్సర్‌ను ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది మళ్లీ మనిషే.

2022 మార్చి 24న ఫ్లోరిడాలోని ఓర్లాండోలో జరిగింది ఈ చివరి మాటకు సాక్ష్యం. ఐకాన్ పార్క్‌లో ఫ్రీఫాల్ అనే రైడ్ తెరిచి అప్పటికి కొన్ని నెలలే అయింది. అది కోస్టర్ కాదు, 430 అడుగుల స్తంభం. చుట్టూ 30 సీట్లను పైకి తీసుకెళ్లి ఒక్కసారిగా వదిలేస్తుంది. సీట్లకు భుజాల మీంచి దిగే హార్నెస్ ఉంది, సీట్ బెల్ట్ లేదు. తయారీదారు మాన్యువల్ ప్రకారం గరిష్ఠ బరువు 130 కిలోలు. ఆ రాత్రి కూర్చున్న 14 ఏళ్ల కుర్రాడి బరువు 170 కిలోల పైమాటే. అంతకుముందు వేరే రైడ్ల దగ్గర వాణ్ని వద్దన్నారని తండ్రి మీడియాతో చెప్పారు. ఇక్కడ వద్దనలేదు. సీటు పడిపోతూ చివర్లో వేగం తగ్గేచోట, హార్నెస్‌కూ సీటుకూ మధ్య ఖాళీలోంచి వాడు జారిపోయాడు. రాష్ట్ర విచారణలో బయటపడ్డ విషయం నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలచివేస్తుంది. ఆ సీటు సెన్సర్‌ను ఎవరో చేత్తో సర్దారు. ఉండాల్సిన దానికన్నా చాలా పెద్ద ఖాళీ ఉన్నా "అంతా సరిగ్గానే ఉంది" అనే లైటు వెలిగేలా అది మారిపోయింది. యంత్రం వద్దనేది, దాని నోరు మూయించారు. ఆ రైడ్‌ను తర్వాత విప్పేశారు. వంద అడుగులు దాటిన అలాంటి రైడ్లకు హార్నెస్‌తో పాటు సీట్ బెల్ట్ కూడా ఉండాలని ఫ్లోరిడా 2023లో చట్టం చేసింది. నాకు ఆ చట్టం మీద గౌరవం ఉంది. అయినా అసలు తప్పు బెల్ట్ లేకపోవడం కన్నా ముందే, మనిషికి సీటు సరిపోవడం లేదు కాబట్టి హద్దును జరుపుదాం అనుకున్న రోజునే జరిగిందని నేను అనుకుంటాను.

ఇవి వేళ్ల మీద లెక్కపెట్టగల ఘటనలు కదా, ఇంత రాద్ధాంతమెందుకు అంటారా? నిజమే. ఉత్తర అమెరికా స్థిర పార్కుల్లో తీవ్రంగా గాయపడే అవకాశం కోటీ యాభై ఐదు లక్షల సవారీలకు ఒకటని పార్కుల అంతర్జాతీయ సంఘం ఐఏఏపీఏ చెబుతూ వచ్చింది. పార్కుకు వెళ్లే రోడ్డే పార్కు కన్నా ప్రమాదకరమన్న మాట కాదనలేం. కానీ ఆ సగటు కోట్ల మంది మధ్య పంచిన ప్రమాదం. బార్ సరిపోయినవారికి ప్రమాదం ఆ అంకె కన్నా చాలా తక్కువ. సరిపోనివారికి అది సగటు కానే కాదు, ప్రతి గుట్ట శిఖరం దగ్గరా ఎదురయ్యే నిజమైన ముప్పు. అంత చిన్న అంకె రావడానికి కారణాల్లో ఒకటి, రోజూ వేలమంది ఉద్యోగులు ఎవరో ఒకరిని నిష్ఠూరంగా దింపుతూ ఉండటం. ఆ దింపిన లెక్క ఏ నివేదికలోనూ రాదు.

దీనికన్నా బరువైన అభ్యంతరం ఒకటుంది. లావుగా ఉన్నవారిని, అంగవైకల్యం ఉన్నవారిని అందరి ముందు దించడం అవమానం. ఒళ్లు చూసి మనుషుల్ని తోసేయడం వివక్ష. ఈ మాట అనేవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. పిల్లలతో పాటు కూర్చున్న తల్లిని లేపి పంపిస్తే ఆమె ఆ రోజంతా ఏమనుకుంటుందో ఊహించడం కష్టం కాదు. అందుకే ఆ అవమానాన్ని స్టేషన్‌కు చాలా ముందే తప్పించాలి. దారి ఉంది కూడా. డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లకు ఆర్లింగ్టన్‌లోని సిక్స్ ఫ్లాగ్స్ ఓవర్ టెక్సస్ బాగా తెలుసు. 2013 జులైలో అక్కడి టెక్సస్ జెయింట్ కోస్టర్ మీద నుంచి ఒక మహిళ పడి చనిపోయింది. అప్పటికి ఆ సీట్లకు ల్యాప్ బార్ తప్ప బెల్ట్ లేదు. సెప్టెంబరులో మళ్లీ తెరిచినప్పుడు బార్ మెత్తలను మార్చారు, బెల్ట్‌లు చేర్చారు, క్యూ మొదట్లో ఒక నమూనా సీటు పెట్టారు. ఎవరైనా అందులో కూర్చుని, బార్ వేసుకుని, తమకు సరిపోతుందో లేదో ముందే చూసుకోవచ్చు. గంట క్యూలో నిలబడకముందే, నలుగురి కళ్లూ పడకముందే విషయం తేలిపోతుంది. ఇంకొంచెం పెద్ద ఒళ్లకు సరిపోయే సీట్లు కావాలంటే తయారీదారు కొత్తగా లెక్కలు వేసి, పరీక్షించి చేయాలి. పార్కు మెకానిక్ స్పానర్ పట్టుకుని చేసే పని కాదది. ఎక్కేవాళ్లలోనూ ఊపిరి బిగబట్టి బార్ వేయించుకునేవాళ్లు, వేశాక పక్కకు జరిగి సందు చేసుకునేవాళ్లు ఉంటారన్నది నిజం. వాళ్ల తప్పు వాళ్లదే, కానీ దాన్ని పట్టుకోవాల్సింది కూడా స్టేషన్‌లో బార్ నొక్కి చూసే ఆ చెయ్యే.

మన దగ్గర ముందు బోల్టులు బిగించండి, సీటు కొలతల సంగతి తర్వాత అని ఎవరైనా అంటే నేను గట్టిగా వాదించను. 2018 మేలో అనంతపురం ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ తొట్టి ఊడిపడి పదేళ్ల పాప చనిపోయింది. 2019 జులైలో అహ్మదాబాద్ కాంకరియాలో ఊగే రైడ్ చెయ్యే విరిగి ఇద్దరు చనిపోయారు. అలాంటిచోట ఏ బార్ ఎంత బిగించినా లాభం లేదు. 2025 జనవరిలో నాంపల్లి నుమాయిష్‌లో ఒక రైడ్ తలకిందులుగా ఆగిపోయినప్పుడు చాలాసేపు వేలాడినవాళ్లను నిలబెట్టింది మాత్రం ఆ పట్టే. రెండూ కావాలి. అయితే బోల్టుకు ఇంజినీరు కావాలి, పరికరాలు కావాలి, రోజుల సమయం కావాలి. సీటు సరిపోయిందో లేదో చూసి వద్దనడానికి ఒక చెయ్యి, దానికి ఒక అధికారం చాలు. మన ఎగ్జిబిషన్లలో, తిరునాళ్లలో దానికి అడ్డుపడేది చాలాచోట్ల టికెట్టే. కూర్చోకముందే టికెట్ చింపేస్తారు. దిగితే డబ్బు పోతుంది కాబట్టి వచ్చినవాళ్లు దిగరు, గొడవవుతుంది కాబట్టి రైడ్ నడిపేవాళ్లు దింపరు. అనుమతి పత్రం ఇచ్చే అధికారులు అందులో రెండు వాక్యాలు చేర్చవచ్చు: గేటు దగ్గర నమూనా సీటు పెట్టాలి, సీటులో పట్టనివారికి టికెట్ డబ్బు అక్కడికక్కడే వెనక్కివ్వాలి. వచ్చే జనవరి ఒకటో తేదీన నుమాయిష్ గేట్లు తెరిచేలోపు ఒక పాత సీటు, ఒక బార్ తెచ్చి నేలకు బిగించడానికి కావలసినంత వ్యవధి ఉంది.