వంద రోజుల చాకిరీ

షొనాలీ బోస్ తీసిన 'ది స్కై ఈజ్ పింక్' 2019లో వచ్చింది. ఆయిషా చౌధరి అనే అమ్మాయి జీవితం దానికి ఆధారం. రోగనిరోధక శక్తి లేకుండా పుట్టిన ఆ పిల్లకి ఆరు నెలల వయసులో లండన్‌లో ఎముక మజ్జ మార్పిడి చేశారు. 2015 జనవరిలో, పద్దెనిమిదేళ్లకి, ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయింది. సినిమాలో కథ చెప్పేది చనిపోయిన ఆ అమ్మాయే. చెప్పేది కూడా తన జబ్బు గురించి కాదు, అమ్మానాన్నల దాంపత్యం గురించి. ఈ ఎంపిక నాకు నచ్చింది. పిల్లల జబ్బుల కథల్లో సాధారణంగా ఒక ఆడమనిషి, ఒక మగమనిషి మాయమైపోయి తల్లీ తండ్రీ మాత్రమే మిగులుతారు. బోస్ వాళ్లని మాయం కానివ్వలేదు. వాళ్లకి కోపాలొస్తాయి, కోరికలుంటాయి, ఒకరి దుఃఖం ఒకరికి అర్థం కాని రోజులుంటాయి.

తల్లి పిల్లతో లండన్‌లో, తండ్రి ఉద్యోగంతో ఢిల్లీలో, కొడుకు తాతయ్య నాయనమ్మల దగ్గర. ఈ చీలికని కూడా సినిమా దాచలేదు. డబ్బు దగ్గరకొచ్చేసరికి మాత్రం రేడియోలో ఒక విజ్ఞప్తి, దాని వెనకే చందాలు. మిగతా చాకిరీ అంతా తెర వెనక్కి వెళ్లిపోయింది. నా పేచీ అక్కడ మొదలవుతుంది.

మజ్జ మార్పిడిలో డాక్టర్ల పని ఎంత ఉందో ఇంటివాళ్ల పనీ అంత ఉంది. ముందు బలమైన మందులతో పిల్లవాడి మజ్జని చంపేస్తారు. తర్వాత దాత తుంటి ఎముక నుంచి తీసిన మజ్జని రక్తం ఎక్కించినట్టే గొట్టం ద్వారా ఎక్కిస్తారు. అది కుదురుకోవడానికి రెండు నుంచి నాలుగు వారాలు. అప్పటిదాకా ఒంట్లో తెల్లకణాలు దాదాపు ఉండవు. నోరు పూస్తుంది, వాంతులు, విరేచనాలు, జ్వరం. తర్వాత కూడా సుమారు వంద రోజులు ఆసుపత్రికి దగ్గర్లోనే గది తీసుకుని ఉండాలి. నీళ్లు మరగబెట్టాలి, అప్పుడే వండింది పెట్టాలి, దుప్పట్లు రోజూ మార్చాలి, మందులు గంట తప్పకుండా వెయ్యాలి, దద్దురొస్తే గుర్తుపట్టాలి. ఇదంతా చేసే మనిషికి ఆసుపత్రి పెట్టిన పేరు 'అటెండెంట్'. ఆ మాటకి లింగం లేదు గానీ, వార్డులోకి వెళ్లి చూస్తే ఆ స్టూలు మీద కూర్చుని కనబడేది ఎక్కువగా తల్లే.

జబ్బు సాహిత్యానికి వస్తువు ఎందుకు కాలేదని వర్జీనియా వుల్ఫ్ 1926లోనే అడిగింది. మంచి ప్రశ్నే. కాకపోతే ఆమె మంచం మీద పడుకున్న మనిషి వైపు నుంచి అడిగింది, పళ్లెం తెచ్చి పెట్టిన మనిషి వైపు నుంచి కాదు.

మన సినిమాకి ఆ రెండో మనిషి ఇంకా దూరం. 'మాతృదేవోభవ' 1993లో తెలుగునాడుని ఏడిపించింది. అందులో జబ్బు తల్లిదే, బ్లడ్ కేన్సర్. చనిపోయేలోపు పిల్లల్ని ఒక్కొక్కరినీ ఒక్కో ఇంటికి అప్పగిస్తుంది. నేనూ ఏడ్చాను. చచ్చిపోతున్న తల్లికి మనం గుడి కడతాం. చావకుండా, నిద్ర లేకుండా, మూడు నెలలు బేసిన్లు కడుగుతూ మధ్యలో మొగుడి మీద అరిచే తల్లిని ఏం చెయ్యాలో మన కథకి తెలీదు.

ఇదంతా కురుపాంలో కూర్చుని ఎందుకు ఆలోచిస్తున్నానంటే, ఈ కొండల్లో సికిల్ సెల్ ఉంది. సవర, జాతాపు గూడేల్లో కీళ్ల నొప్పులతో, పచ్చబడ్డ కళ్లతో బడి మానేసే పిల్లలు నా విద్యార్థుల తమ్ముళ్లూ చెల్లెళ్లూ. 2023 జులై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 2047 దాని గడువు. ఏడు కోట్ల మందికి పరీక్షలు చెయ్యాలనుకున్నారు. పెళ్లికి ముందు చూసుకోవడానికి కార్డులూ ఇస్తున్నారు. జబ్బు పిల్లకి రావాలంటే తల్లి నుంచి ఒక జన్యువు, తండ్రి నుంచి ఒక జన్యువు రావాలి, లెక్క సమానం. అయినా నేను విన్న ప్రతి ఇంట్లోనూ 'ఆమె రక్తం మంచిది కాదు' అన్నారు, 'అతని రక్తం' అన్న మాట ఒక్కసారీ వినలేదు. రేపు కార్డు చూసి ఆగిపోయే పెళ్లిళ్లలో ఎవరి పేరు చెడుతుందో ఊహించడం కష్టం కాదు.

ఎక్కువమంది పిల్లలకి దొరికేది ఫోలిక్ ఆసిడ్, హైడ్రాక్సీయూరియా, అవసరమైతే రక్తం ఎక్కించడం. జబ్బుని పూర్తిగా తీసేయగలిగిన మార్పిడి దాకా వెళ్లేవాళ్లు బహు కొద్దిమంది. అన్నివిధాలా సరిపోయే దాత దొరకడానికి మొదటి ఆశ సొంత అన్నదమ్ములో అక్కచెల్లెళ్లో. ఒక్కొక్కరు సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. ఆ సరిపోయినవాళ్లకి ఇదే జబ్బు ఉండకూడదు. రెండూ కలిపితే ఒక్కో తోబుట్టువుకి పదహారింట మూడు. సగం సరిపోయిన తల్లి మజ్జతోనో తండ్రి మజ్జతోనో కూడా ఇప్పుడు చేస్తున్నారు గానీ, మొదట వెతికేది తోబుట్టువునే.

జోడీ పీకో నవల 'మై సిస్టర్స్ కీపర్' (2004) నిలబడింది ఈ వెతుకులాట మీదే. అక్క కేట్‌కి లుకేమియా. ఆమెకి దాతగా పనికొస్తుందని చూసి మరీ కన్న చెల్లెలు ఆన్నా. పదమూడేళ్లకి, కిడ్నీ ఇమ్మన్నప్పుడు, నా శరీరం నాదని కోర్టుకెక్కుతుంది. నవలలో అందరికీ తలా ఒక గొంతు ఉంది. తల్లి సారా గొంతు మాత్రం గతం నుంచి మొదలవుతుంది. ఆమె అలా ఎందుకు మారిందో మనకి తెలియాలని రచయిత్రి పడ్డ తాపత్రయం అది. చాలామంది సారాని రాక్షసి అన్నారు. నేను అనలేను. ఒక పిల్లని బతికించడానికి ఇంకో పిల్లని చూడడం మానేసిన మనిషి ఆమె. అలా మానేయక తప్పని స్థితిలో ఆమెని ఒంటరిగా నిలబెట్టిందెవరని నవల కూడా పూర్తిగా అడగలేదు. పైగా చివర్లో కారు ప్రమాదంతో చిక్కుముడి తెంపేసుకుంది. 2009 సినిమా ఆ ముగింపుని తిప్పి అక్కనే చంపింది. రెండింట్లోనూ ప్రశ్నకి జవాబు చెప్పే పని చావుకి వదిలేశారు.

మజ్జ సరిపోవడానికి ఆడా మగా తేడా లేదు. వెతకడానికి ఉంది. 1995 నుంచి 2021 వరకు మన దేశంలో అవయవ మార్పిడి పొందిన ప్రతి అయిదుగురిలో నలుగురు మగవాళ్లే. మజ్జకి ఇవే అంకెలు వర్తిస్తాయని నేననను. కానీ ఏ పిల్ల కోసం పొలం తాకట్టు పెడతారో, ఏ పిల్ల చదువు ఆపుతారో, ఆ నిర్ణయం ల్యాబులో జరగదు.

నాకు తెలిసిన ఒక సవర కుటుంబంలో ఆరేళ్ల కొడుక్కి మార్పిడి జరిగింది. మజ్జ ఇచ్చింది పదకొండేళ్ల అక్క. వైద్యం ఖర్చు పథకం కింద పోయింది. గది అద్దె, గ్యాసు, పోయిన కూలి పథకంలో లేవు. పిల్లాడు బాగున్నాడు. అక్కకి తుంటి నొప్పి వారంలో తగ్గింది, తీసిన మజ్జ కొద్ది వారాల్లో మళ్లీ ఊరింది. ఊరనిది ఆమె చదువు. తల్లి పట్నంలో ఉన్నన్నాళ్లూ ఇంటి దగ్గర ముసలామెకీ చంటిదానికీ వండిపెట్టింది ఆమే. హాస్టలుకి పోయి జ్వరమేదైనా తెస్తుందన్న భయంతో తమ్ముడు తిరిగొచ్చాక కూడా పంపలేదు. అది ఉత్త భయమూ కాదు. 2025 అక్టోబరులో కురుపాం గిరిజన బాలికల గురుకులంలో కామెర్లు ప్రబలి పదుల సంఖ్యలో పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు. మరగబెట్టిన నీళ్లే ప్రాణమైన పిల్లాడున్న ఇల్లు ఏ ధైర్యంతో పంపుతుంది? లక్షల ఖరీదు చేసే వైద్యం చివరికి వచ్చి ఆనుకునేది ఒక కుళాయి మీద, ఒక కట్టెల మోపు మీద. ఆ మోపు మోసేది మళ్లీ అక్కే.

ఆపరేషనుకి ముందు సమ్మతి పత్రం చదివి చెప్పమని ఆ తల్లి నన్ను అడిగింది. పత్రం తెలుగులోనే ఉంది, 'అస్థిమజ్జ' అని. ఆమెకి అర్థం కాలేదు. మూలుగ అన్నాను. వెంటనే అర్థమైంది, వెంటనే భయమూ వేసింది.

"ఎముకలో మూలుగా మేడం? పిల్లదాన్ది తీసేస్తే మరి నడుస్తాదా?"

నడుస్తుందన్నాను. మళ్లీ ఊరుతుందన్నాను. పిల్లని కూడా అడగాలి కదా అన్నాను.

"దాన్నడగాలేటి? తమ్ముడికి కాదంటాదేటి?"

పీకో నవల మొత్తం ఆ రెండు ప్రశ్నల మధ్య ఉంది. ఆన్నాకి లాయరు దొరికాడు. ఈ పిల్లకి ఎదురుగా ఉన్నది నేను, చేతిలో పత్రంతో. పిల్లనే అడిగాను. ఇస్తానంది. కాదనే వీలు నిజంగా ఉండి ఇస్తానందా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

ముసలామెకి తెలుగు రాదు. సవర భాషకి గిడుగు రామమూర్తి 1931లోనే వ్యాకరణం అచ్చువేశారు. అయినా ఆ వార్డులో సవర తెలిసిన ఉద్యోగి ఒక్కరూ లేరు. కోడలే అత్తకి అంతా చెప్పింది. నేను రెండు వాక్యాల్లో చెప్పినది అక్కడ చాలాసేపు సాగింది. ముసలామె మధ్యలో ఆపి ఏదో అడిగింది, కోడలు తన తుంటి మీద చెయ్యేసి చూపించింది. నాకు తెలిసింది, మూడుసార్లు వినబడ్డ పెద్దపిల్ల పేరు మాత్రమే.