కూర్మపీట కాళ్లు

వికారాబాద్ జిల్లాకు సముద్రం లేదు గానీ నౌకాదళం మాత్రం వచ్చింది. 2024 అక్టోబర్‌లో పూడూరు మండలం దామగుండం అడవిలో, జలాంతర్గాములకు సందేశాలు పంపే వీఎల్‌ఎఫ్ (అతి తక్కువ పౌనఃపున్య) రేడియో కేంద్రానికి శంకుస్థాపన చేశారు. దేశంలో ఇలాంటిది ఇది రెండోది. మొదటిది తమిళనాడులో, తిరునెల్వేలి వైపు ఉంది. అయితే ఈ జిల్లాకు కడలితో చుట్టరికం కలిపింది నేవీ కాదు. అనంతగిరి గుట్ట మీద అనంతపద్మనాభస్వామి ఎప్పటినుంచో ఉన్నాడు. ఆయన ఉండేది పాలకడలిలో, పడుకునేది పాము మీద. పురాణాల లెక్క తీస్తే, నీళ్లలో ఉండే జీవిని మంచంగా వాడుకున్న మొదటి ఇల్లు ఆయనదే.

నవ్వులాటకు అన్నా, కొయ్యపని తెలిసినవాళ్లు ఈ మాటను కొట్టిపారేయరు. గుళ్లో శేషవాహనాన్ని ఒకసారి నిదానంగా చూడండి. కింద పాము చుట్టలు, వాటిమీద విగ్రహం కూర్చునే చోటు. వెనక నుంచి లేచిన మెడ వీపుకు ఆసరా, పైన విచ్చుకున్న పడగలు గొడుగు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో తొలి రాత్రి పెద్దశేషుడు ఏడు పడగలతో, మర్నాడు పొద్దున చిన్నశేషుడు ఐదు పడగలతో ఊరేగుతారు. వాటికి బంగారు తొడుగుంది. ఊళ్లలోని చిన్న గుళ్ల వాహనాలకు ఆ భాగ్యం లేదు. కొయ్య, దానిమీద రంగు, అంతే. శ్రీకాళహస్తి దగ్గర మాధవమాలలో ఇలాంటి కొయ్యవాహనాలు చెక్కే కుటుంబాలున్నాయి. వాళ్ల పనిలో పాము అలంకారం కాదు. పామే కుర్చీ.

కూర్మపీట సంగతి ఇంకా ముచ్చటైనది. పూజకో జపానికో వేసుకునే ఈ చిన్న పీటలో తాబేలు డిప్పే కూర్చునే పలక. ముందుకు పొడుచుకొచ్చిన తల, వెనక చిటికెడు తోక, నాలుగు మూలలా నాలుగు పొట్టి కాళ్లు. తలా తోకా ఎప్పుడూ పలక పొడవు వైపే ఉంటాయి. చెక్కలో నార పారేది ఆ దిక్కునే కాబట్టి తల గట్టిగా నిలుస్తుంది. అడ్డంగా పెడితే నాలుగు దెబ్బలకు ఊడిపోతుంది. ఇక కాళ్లు. సముద్రపు తాబేలుకు నడిచే కాళ్లు లేవు, ఈదే తెడ్లున్నాయి. చలికాలం చివర్లో ఆంధ్ర తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఆ తెడ్లతోనే ఇసుకలో పొట్ట ఈడ్చుకుంటూ పాకుతాయి. పొట్టి కాళ్ల మీద లేచి నడిచేది మెట్ట తాబేలు. శ్రీకూర్మం గుళ్లో పెంచే నక్షత్ర తాబేళ్లు ఆ జాతివే. మరి పాలకడలి అడుగున మందర పర్వతాన్ని మోసిన కూర్మానికి వడ్లాయన మెట్ట తాబేలు కాళ్లెందుకు చెక్కాడు? పీట నిలబడాలి కదా! జంతుశాస్త్రం పరీక్షలో ఆయనకు సున్నా పడొచ్చు గానీ, పీట దగ్గర నూటికి నూరు మార్కులు.

సముద్రజీవుల్ని ఫర్నిచర్‌లోకి తెచ్చిన పని ఎక్కడిదైనా, ఆ జీవి బరువు మోస్తోందా, ఊరికే అంటుకుని ఉందా అన్నదాన్ని బట్టే దాని విలువ తేలిపోతుంది. 19వ శతాబ్దం చివర్లో వెనిస్ పనివాళ్లు కొయ్యతో గవ్వ కుర్చీలు చేసి వెండి, బంగారు పూతలు పూశారు. సీటొక గవ్వ చిప్ప, వీపు ఆనించే చోట ఇంకో చిప్ప, చేతులకు డాల్ఫిన్లు. చూడ్డానికి దర్బారు వేషంలా ఉంటుంది, కానీ లోపలికి వంగిన చిప్ప మనిషి వీపును చక్కగా పట్టుకుంటుంది. అంతకు ముందు, 1813లో, అడ్మిరల్ నెల్సన్ జ్ఞాపకార్థం గ్రీనిచ్ నావికుల ఆస్పత్రికి విలియం కాలిన్స్ చేసిన డాల్ఫిన్ సామాను ఉంది. తర్వాత అది బ్రైటన్ రాయల్ పెవిలియన్‌కు చేరింది. అందులో డాల్ఫిన్లు కాళ్ల చోట నిలబడి నిజంగానే మోస్తాయి. కానీ ఒంటినిండా బంగారం పూసేసరికి కొయ్య కొయ్యలా కనపడదు. వడ్రంగి పనికి అది కొంచెం అన్యాయమే.

అసలు చిక్కు ఆక్టోపస్‌తో వస్తుంది. టేకు పలకలోంచి మెలి తిరిగిన చేతిని కోశారనుకోండి, వంపు తిరిగిన చోట నార అడ్డంగా తెగుతుంది. అక్కడ బరువు పడితే పుటుక్కుమంటుంది. స్పెయిన్ కళాకారుడు మాక్సిమో రియెరా చేసిన ఆక్టోపస్ కుర్చీ ప్రపంచమంతా తిరిగింది గానీ అది కొయ్యది కాదు, పాలీయురేథేన్‌ది. కొయ్యతోనే చేయాలన్నవాళ్లకు మూడు దారులున్నాయి. మొక్కై వంగనిది మానై వంగునా అంటాం. మైకేల్ థోనెట్ బీచ్ కర్రకు ఆవిరి పట్టించి మానునే వంచాడు. 1859లో వచ్చిన ఆయన 14వ నంబరు కుర్చీ ఇప్పటికీ కాఫీ హోటళ్లలో కనిపిస్తుంది. అమెరికాలో వెండెల్ క్యాజిల్ 1960ల నుంచి పలకల్ని ఒకదానిమీద ఒకటి జిగురుతో అతికి దిమ్మ చేసి, శిల్పంలా చెక్కాడు. మూడో దారి మన ఊళ్లది. వంకర చెక్కడం కాదు, వంకర తిరిగిన చెట్టును వెతకడం. నాగలి దుంపకు మన వడ్లవాళ్లు తుమ్మలో పుట్టు వంకర ఉన్న కర్రనే ఏరుకునేవాళ్లు. కర్రతో పాటు నారా వంగి ఉంటుంది కాబట్టి కర్రు రాయికి తగిలినా దుంప చీలదు. ట్రాక్టర్లు వచ్చాక ఆ ఏరుకునే కన్నుతో పని లేకుండా పోయింది. వికారాబాద్ అడవి అంచు పల్లెల్లో ఇంకా ఎవరికైనా ఆ కన్ను ఉంటే, ఆక్టోపస్ చేతులకు ఆవిరి యంత్రం అక్కర్లేదు.

ఊరూరా వచ్చిన, కంప్యూటరుతో చెక్కే సీఎన్‌సీ యంత్రాలకు ఈ బాధ లేదు. ఫైలు పెడితే ఏనుగైనా చేపైనా పలక మీద ఉబ్బెత్తుగా తేలుతుంది. తలుపుకు బాగానే ఉంటుంది, కుర్చీని మాత్రం అది మోయదు.

వికారాబాద్ జిల్లాలోనే ఉన్న తాండూరు వాళ్లు చేయదగిన వస్తువు ఒకటుంది. ఇళ్లలో, అరుగుల మీద పరిచే తాండూరు బండ ఒకప్పటి సముద్రపు అడుగే. భీమా బేసిన్‌లోని ఈ సున్నపురాయి లోతులేని సముద్రంలో పేరుకున్నది, అదీ ఇంకా చేపలు పుట్టని కాలంలో. అందుకే ఎన్ని బండలు పగలగొట్టినా గవ్వ అచ్చు దొరకదు. ఆ బండను పైన పలకగా, కొయ్య తాబేలును కింద పెట్టి టీపాయ్ చేస్తే మందరగిరి కథే హాల్లోకి వస్తుంది. రెండడుగుల చదరం, అంగుళం మందం ఉన్న బండ సుమారు 25 కిలోలు తూగుతుంది. టేకు తాబేలుకు అదేం బరువు కాదు. జిగురు మాత్రం పెట్టొద్దు. వానాకాలం కొయ్య అడ్డంగా ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోతుంది, బండ కదలదు. రెంటినీ అతికిస్తే కొయ్యే పగులుతుంది. డిప్ప మీద నాలుగు రబ్బరు బిళ్లలు వేసి బండను ఊరికే ఆనిస్తే చాలు. దించేటప్పుడు ఇద్దరు పట్టాలి. జారితే ముందు పోయేది తాబేలు తల. చిటికెడు తోకను వదిలేస్తే, ఆ వస్తువు మొత్తంలో ఏ బరువూ మోయనిది అదొక్కటే.