పాట కావాలి, పాడిన గొంతు వద్దు

ఆధునిక హిందీ నాటకం భారతేందు హరిశ్చంద్రతో మొదలైందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆయన కలం పట్టేనాటికే జనం ఎగబడి చూసిన నాటకం ఒకటుంది. లక్నో కవి ఆగా హసన్ అమానత్ 1850ల మొదట్లో రాసిన 'ఇందర్ సభ'. సభ ఇంద్రుడిది. ఆడే పరీలు ఫారసీ కథల్లోంచి వచ్చినవాళ్లు. పాడేవి గజళ్లు, ఠుమ్రీలు, హోలీ పాటలు. ఇందులో ఏది హిందువులది, ఏది ముస్లింలది?

జాతికి ఒకే భాష, ఒకే సంస్కృతి కావాలనుకున్న వాళ్లకు ఈ కలగలుపు మైలగా కనబడింది. భారతేందు దీన్ని వెక్కిరిస్తూ 'బందర్ సభ' రాశాడు. కాశీలో పార్శీ కంపెనీ ఆడిన శాకుంతలంలో దుష్యంతుడు నడుం మీద చెయ్యేసుకుని గంతులేశాడని 1883 నాటి 'నాటక్' వ్యాసంలో ఏవగించుకున్నాడు. కంపెనీల వెకిలితనం నిజమే కావచ్చు. కానీ అభిరుచి గురించిన తగాదా కాస్తా వారసత్వం తగాదాగా మారింది. మా ఉర్దూ షరీఫులూ తక్కువ తినలేదు. బజారు సరుకని వాళ్లూ మొహం తిప్పుకున్నారు.

వాజిద్ అలీ షా హుకుంతోనే ఇందర్ సభ పుట్టిందనీ, ఆ నవాబే ఇంద్రుడి వేషం కట్టాడనీ ఒక కథ ప్రచారమైంది. మసూద్ హసన్ రిజ్వీ అదీబ్ 1957లో ఆధారాలు చూపి దాన్ని తోసిపుచ్చాడు. ఇది దర్బారు నాటకం కాదు, అవామ్ నాటకం అన్నాడు. అయినా ఆ కథ చావలేదు. 1856లో అవధ్‌ను మింగడానికి ఆటపాటల్లో మునిగిన నవాబు కంపెనీ సర్కారుకు అవసరమయ్యాడు. ఇంగ్లీషువాణ్ణి వెళ్లగొట్టిన జాతీయవాదం వాడు గీసిన బొమ్మను మాత్రం భద్రంగా దాచుకుంది.

మరి ఆడినవాళ్లో? బొంబాయిలో ఇందర్ సభ ఆడిన లతీఫా బేగం పేరు మనలో ఎందరు విన్నాం? కాన్పూరు తవాయిఫ్ అజీజన్‌ను తలుచుకుంటారు, 1857లో తిరుగుబాటుదార్ల పక్షాన నిలిచింది గనక. ప్రాణమిస్తే దేశభక్తురాలు, పాటిస్తే పతిత. ఈ షరతు మాకు కొత్తది కాదు. సరిహద్దులో చచ్చిన ముస్లింకు దండ వేస్తారు, వీధిలో బతికేవాణ్ణి రుజువులడుగుతారు.

పార్శీ కంపెనీల బాణీలు తెలుగు నాటకానికీ చేరాయి. పాటల పైన 'పార్శీ మట్టు' అని మనవాళ్లే రాసుకున్నారు. ఆ మట్టు ఏ భాష నోటి నుంచి వచ్చిందో మన నాటక చరిత్రలు ఎన్ని పేజీల్లో చెప్పాయి?